ఆ స్వరం ఎవరిది?

(రేడియో ప్రసంగ పాఠం)

వాక్యభాగము: నెహెమ్యా 6:1-14

 

ఈ రోజు మన ధ్యానాంశం మొబైల్ ఫోను. నవ్వకండి. మన సంఘాల్లో ఫోను గురించి ప్రసంగం అనగానే రెండే మాటలు వినబడతాయి. ఆరాధనలో ఫోను కట్టేయండి అనేది ఒకటి, పిల్లల చేతికి ఇవ్వకండి అనేది రెండవది. రెండూ అవసరమే. కానీ ఈ మధ్య గృహ దర్శనాలకు వెళ్ళినప్పుడు నేను చూస్తున్న గాయం వేరు. అది పిల్లలకు కాదు, పెద్దలకు తగులుతోంది. పింఛను తీసుకున్నవారికి, పిల్లలు దూరదేశాల్లో ఉండి ఇంట్లో ఒంటరిగా ఉంటున్నవారికి, అధికారి మాట అంటే వణికే మంచివారికి తగులుతోంది.

ఫోను సాతాను పనిముట్టని చెప్పే బోధకులున్నారు. నేను ఆ మాట అనను. 2020లో మందిరాల తలుపులు మూసి ఉన్న దినాల్లో మనం ఒకరి స్వరం ఒకరం విన్నది ఈ ఫోనులోనే. చదువురాని అవ్వలు పరిశుద్ధ గ్రంథం వింటున్నది దీనిలోనే. ఈ ప్రసంగాన్ని కూడా మీలో కొందరు రేడియో పెట్టెలో కాక ఫోనులోనే వింటున్నారు. ఫోను ఒక తలుపు. తలుపు పాపం కాదు. ఎవరు తట్టారో చూడకుండా తీయడం ప్రమాదం.

మన దేశంలో మొదటి మొబైల్ సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్ నుండి ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో మనకు వచ్చిన కాల్‌కు కూడా మనమే డబ్బు కట్టాలి. 2003లో ఆ భారం తొలగింది. పాత రోజుల్లో ఫోను మోగితే ఎవరిదో రెండుసార్లు చూసి గానీ ఎత్తేవారు కాదు. ఎత్తితే ఖర్చు! ఖర్చు పోయింది, ఆ జాగ్రత్త కూడా దానితోనే పోయింది.

ఇప్పుడు వాక్యభాగానికి వద్దాం. నెహెమ్యా యెరూషలేము గోడ కట్టిస్తున్నాడు. బీటలన్నీ పూడాయి, గుమ్మాలకు తలుపులు నిలపడం ఒక్కటే మిగిలింది. సరిగ్గా ఆ సమయంలో సన్బల్లటు, గెషెము కబురు పంపారు. ఓనో మైదానంలోని ఒక పల్లెలో కలుసుకుందాం రమ్మన్నారు. నెహెమ్యా పని వదిలి రానన్నాడు. మళ్ళీ అదే కబురు. మొత్తం నాలుగుసార్లు ఒకటే మాట. పట్టు వదలని ఫోను కాల్ ఈ కాలంలో పుట్టిందనుకుంటున్నాం మనం!

ఐదవసారి పద్ధతి మారింది. ఈసారి పనివాని చేతిలో ముద్ర వేయని ఉత్తరం పంపారు. అందులో ఏముందో గమనించండి. మొదట నేరారోపణ ఉంది: మీరు తిరుగుబాటు చేయబోతున్నారు, నీవు రాజువు కావాలని చూస్తున్నావు. తరువాత పెద్ద అధికారం పేరు ఉంది: ఈ సంగతి రాజుకు చేరుతుంది. చివర తొందర ఉంది: కాబట్టి వచ్చెయ్యి, మాట్లాడుకుందాం.

ప్రియులారా, మన ఫోనులో మోగుతున్నది ఈ ఉత్తరమే. మీ పేరున పోతున్న పార్శిలులో మత్తుపదార్థాలు దొరికాయంటారు. మీ ఆధార్‌తో ఎవరో బ్యాంకు ఖాతా తెరిచి నల్లధనం తిప్పారంటారు. రెండు గంటల్లో మీ నంబరు ఆగిపోతుందంటారు. వెంటనే వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్న మనిషి కనిపిస్తాడు. వెనుక గోడ మీద జెండా, బల్ల మీద ఫైళ్ళు. సీబీఐ అంటాడు, ఈడీ అంటాడు, ముద్రలున్న కాగితం వాట్సాప్‌లో పంపుతాడు. నిన్ను డిజిటల్ అరెస్టు చేశాం, కెమెరా ముందు నుండి కదలవద్దు, ఎవరికీ చెప్పవద్దు అంటాడు. నీ డబ్బంతా పరిశీలన కోసం మేము చెప్పిన ఖాతాకు పంపు, నిర్దోషివని తేలితే తిరిగి ఇచ్చేస్తాం అంటాడు.

మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలోనే ఈ మాట దేశమంతటికీ చెప్పారు. అయినా ఆగలేదు. హర్యానాలో ఒక వృద్ధ దంపతులను ఏకంగా సుప్రీంకోర్టు ఉత్తర్వు అంటూ నకిలీ కాగితం చూపించి కోటి రూపాయలకు పైగా దోచుకున్నారు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంతట తానే ఆ సంగతిని విచారణకు తీసుకుంది. న్యాయస్థానం పేరుతోనే అన్యాయం చేసేవారికి మన పేరు, మన ఆధార్ నంబరు తెలిసి ఉండడం ఏమంత వింత?

నిజమైన పోలీసు ఒక మనిషిని అరెస్టు చేస్తే ఆ సంగతి అతని బంధువులకో స్నేహితులకో తెలియజేయాలి. అది చట్టం పెట్టిన బాధ్యత. కాబట్టి ఎవరికీ చెప్పవద్దు అన్నవాడు, ఆ ఒక్క మాటతోనే తాను పోలీసు కానని చెప్పేసుకున్నాడు. మీకు మరేమీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకోండి.

నెహెమ్యా దగ్గరకు తిరిగి వద్దాం. బయటివారి బెదిరింపు పనిచేయలేదు గనుక లోపలి మనిషిని పట్టుకున్నారు. షెమయా అనే అతడు ప్రవచనం చెబుతున్నట్టుగా మాట్లాడాడు. రాత్రి నిన్ను చంపడానికి వస్తున్నారు, ఆలయం లోపలికి వెళ్ళి తలుపులు మూసుకుందాం అన్నాడు. నెహెమ్యా వెళ్ళలేదు. ఇతణ్ణి దేవుడు పంపలేదని గ్రహించాడు. ఎలా గ్రహించాడు? 13వ వచనంలో ఆయనే చెబుతున్నాడు: నేను భయపడి, ఆ భయంలో పాపం చేయాలని ఇతనికి కూలి ఇచ్చారు అని. యాజకుడు కాని నెహెమ్యా ఆలయంలోపల చొరబడి దాక్కుంటే ధర్మశాస్త్రాన్ని మీరినట్టే. శత్రువుకు కావలసింది అదే. ముందు భయపెట్టాలి, తరువాత తలుపులు మూయించాలి, చివరికి చేయకూడని పని చేయించాలి.

ఈ మాట నాకు లోతుగా అర్థమైంది ఒక సహోదరిని దర్శించినప్పుడు. ఆమె పేరు, ఊరు చెప్పను. ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా సేవచేసి విశ్రాంతి తీసుకుంటున్న విధవరాలు. వరుసగా మూడు ఆదివారాలు మందిరానికి రాలేదు. ఆరోగ్యం బాగాలేదేమో అనుకుని వెళ్ళాం. వాకిట్లో ముగ్గు లేదు, కిటికీలు తీసి లేవు. చాలాసేపటికి గానీ నోరు తెరవలేదు. రెండు పగళ్ళు, ఒక రాత్రి ఫోను ముందు కూర్చోబెట్టారట. అన్నం వండుతున్నా ఫోను పొయ్యి పక్కనే నిలబెట్టి ఉంచాలి. రెండవరోజు బ్యాంకుకు పంపారు. కౌంటరులో ఉన్న అమ్మాయి మంచి పిల్ల, ఇంత డబ్బు ఎవరికి పంపుతున్నారమ్మా అని అడిగింది. మా బంధువుల దగ్గర ఇల్లు కొంటున్నాను అని ఈమె చెప్పింది. అలా చెప్పమని వాళ్ళే నేర్పారు.

డబ్బు సంగతి చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. ఈ మాట దగ్గర ఏడ్చింది. "డబ్బు పోతే పోయింది అయ్యగారూ. నేను ఆ పిల్ల మొహం చూసి అబద్ధమాడాను. బల్ల దగ్గరకు ఎలా రాను?"

భయపడి, ఆ భయంలో పాపం చేయాలని. వాక్యంలో ఉన్నది ఉన్నట్టు ఆ ఇంట్లో జరిగింది. ఈ దొంగలు సొమ్ము ఒక్కటే తీసుకెళ్ళరు. మనిషి తన మీద తనకున్న గౌరవాన్ని, సహవాసానికి వచ్చే ముఖాన్ని కూడా తీసుకెళ్తారు. ఆ రోజు ఆమెతో ఒకటే చెప్పాను. అమ్మా, ఆ అబద్ధాన్ని ప్రభువు ఎదుట ఒప్పుకో, క్షమించడానికి ఆయన నమ్మదగినవాడు. కానీ వాళ్ళు నీ మెడ మీద కత్తి పెట్టి చేయించిన దానిని నీవు కావాలని చేసినట్టు మోయవద్దు.

ఆమె ఫిర్యాదు చేసింది తొమ్మిదవ రోజున. అప్పటికి సొమ్ము ఎన్నో ఖాతాలు దాటిపోయింది. ఎందుకు ఆలస్యం చేసింది? సిగ్గు. బంధువులొకరు విని, చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలియదా అన్నారట. ఆ ఒక్క మాటతో ఆమె తలుపు గడియ వేసుకుంది.

మోసపోవడం బుద్ధిహీనుల పని అనుకునేవారు యెహోషువ గ్రంథం 9వ అధ్యాయం చదవాలి. గిబియోనీయులు పాత గోనెలు, చినిగి కుట్టిన తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, బూజుపట్టిన రొట్టెలు తెచ్చి, మేము చాలా దూరదేశం నుండి వచ్చామన్నారు. ఇశ్రాయేలీయులకు మొదట అనుమానం కూడా వచ్చింది, మీరు మా మధ్యనే ఉంటున్నారేమో అని అడిగారు. కానీ రొట్టె చూశారు, చెప్పులు చూశారు. రుజువులన్నీ సరిపోయాయి. దేవుని ఆలోచన అడగడం ఒక్కటే మరిచారు. ఒప్పందం చేసుకున్న మూడు దినాలకు అసలు సంగతి బయటపడింది. మోసపోయినది ఎవరు? యెరికో పడిపోవడం కన్నులారా చూసిన యెహోషువ! సమాజమంతా పెద్దల మీద సణిగింది. కానీ యెహోషువ దానిని దాచలేదు. ఆ మనుష్యులను పిలిపించి, మమ్మును ఎందుకు మోసగించారని అందరి ఎదుట అడిగాడు. పరిశుద్ధాత్ముడు ఆ కథను మనకోసం గ్రంథంలో రాయించాడు. దేవుని సేవకుడు మోసపోయిన సంగతి గ్రంథంలో ఉండగా, మన సంఘంలో మోసపోయినవారు ముఖం దాచుకోవలసిన అవసరమేమిటి?

ఆ గడియ తీయించడం మన పని. సంఘపెద్దలారా, స్త్రీల సమాజం సహోదరీలారా, ఎవరైనా వచ్చి మోసపోయాను అంటే ముందు ఎందుకు చేశావు అని అడగకండి. 1930 నంబరుకు ఫోను చేశావా అని అడగండి. చేయకపోతే పక్కన కూర్చుని చేయించండి. అది కేంద్ర హోంశాఖ నడిపిస్తున్న సహాయ నంబరు. ఫిర్యాదు అందగానే సొమ్ము చేరిన బ్యాంకుకు కబురు వెళ్తుంది. ఆ ఖాతాలో సొమ్ము ఇంకా ఉంటే కదలకుండా నిలిపివేస్తారు. అక్కడి నుండి మరో బ్యాంకుకు పోయి ఉంటే ఆ బ్యాంకుకు చెబుతారు. దొంగ ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు పరుగెత్తిస్తుంటే ఈ కబురు వెనుక తరుముతుందన్నమాట. అందుకే ఇందులో గంటలు ముఖ్యం. మన సొంత బ్యాంకుకు కూడా వెంటనే చెప్పాలి. సిగ్గుతో ఆ మెసేజీలు, ఆ నంబర్లు తుడిచేయకండి. అవే సాక్ష్యం.

మిగతా జాగ్రత్తలు మీలో చాలామందికి తెలిసినవే, త్వరగా చెబుతాను. యూపీఐ పిన్ను డబ్బు పంపడానికే గాని పుచ్చుకోవడానికి అక్కరలేదు. డబ్బు వస్తుంది, పిన్ను కొట్టండి అన్నవాడు దొంగ. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. పెళ్ళి శుభలేఖ అని, ట్రాఫిక్ చలానా అని తెలియని నంబరు నుండి వచ్చే ఫైలు తెరవవద్దు. ఫోనులోకి ఎక్కించుకోమని అడిగే ఫైలు శుభలేఖ కాదు.

ఒకటి మాత్రం కొత్తది గనుక కాస్త ఆగి చెప్పాలి. ఆదికాండములో కన్నులు కనబడని ఇస్సాకు యాకోబును తడిమి చూసి, స్వరం యాకోబుదిలా ఉంది, చేతులు మాత్రం ఏశావువి అని తికమకపడ్డాడు. ఆ రోజు చేతులు మోసం చేశాయి, స్వరం నిజం చెప్పింది. ఇప్పుడు స్వరమే మోసం చేయగలదు. కంప్యూటరు మీ అబ్బాయి గొంతును అచ్చుగుద్దినట్టు పలికిస్తుంది. నాన్నా, ప్రమాదంలో ఉన్నాను, డబ్బు పంపు అంటుంది. అలాంటి కాల్ వస్తే పెట్టేసి, అబ్బాయి పాత నంబరుకు మీరే తిరిగి చేయండి. ఇంట్లోవారికే తెలిసిన ఒక గుర్తు మాట ముందుగానే అనుకుని పెట్టుకోండి. కుటుంబ ప్రార్థన అయిన తరువాత ఐదు నిమిషాల పని.

యోహాను సువార్త 10వ అధ్యాయంలో ప్రభువు గొఱ్ఱెల సంగతి చెబుతూ, అవి పరాయివాని స్వరం ఎరుగవు గనుక వాని వెంట వెళ్ళక పారిపోతాయన్నాడు. చూడండి, గొఱ్ఱె పరాయివానితో వాదించదు. తన నిర్దోషిత్వాన్ని వానికి రుజువు చేయాలని కూర్చోదు. మన మంచివాళ్ళు చిక్కుకునేది సరిగ్గా అక్కడే. నేనేమీ తప్పు చేయలేదు, చెబితే వింటారు అని ఆ కాల్‌లోనే ఉండిపోతారు. ఫోను పెట్టేయడం అమర్యాద కాదు. నెహెమ్యా కూడా సన్బల్లటుకు ఒక్క ముక్కలో జవాబు పంపాడు: నీవు చెప్పేదేదీ జరగలేదు, నీవే కల్పించావు అని. అంతటితో తన పని చూసుకున్నాడు. ఆ గోడ 52 దినాల్లో పూర్తయింది.

అయితే ఆ పరాయి స్వరం ఎవరిదో మనం ఆలోచించామా? కొన్నిసార్లు ఆ స్వరం చక్కని తెలుగులో మాట్లాడుతుంది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు కొందరు ఏజెంట్లను అరెస్టు చేశారు. వీళ్ళు డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన కుర్రాళ్ళను కంబోడియాకు పంపారు. అక్కడికి వెళ్ళాక పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, మన దేశస్థులనే ఫోనులో మోసం చేసే పని చేయించారు. ఎదురు తిరిగినవారిని కొట్టారు. అన్నలు అమ్మివేసిన యోసేపు గుర్తుకు రావడం లేదా? మన సంఘాల్లోనూ విదేశీ ఉద్యోగాల కోసం ఎదురుచూసే పిల్లలున్నారు. ఉపవాస ప్రార్థనలో వాళ్ళ వీసాల కోసం ప్రార్థిస్తాం. ప్రార్థనతోపాటు ఆ ఏజెంటు విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ జాబితాలో ఉన్నాడో లేడో చూడండి. పర్యాటక వీసా మీద ఉద్యోగానికి పంపుతానంటే ఆ విమానం ఎక్కనివ్వకండి. మనల్ని భయపెట్టిన స్వరం వెనుక ఏ తల్లి బిడ్డ బందీగా ఉన్నాడో! దొంగను దొంగ అనాల్సిందే, పట్టించాల్సిందే. కానీ ఆ గదుల్లో ఉన్నవారి విడుదల కోసం కూడా సంఘం మోకరించాలి.

చివరిగా మన స్వరం సంగతి. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు వాట్సాప్‌లో మన తెలుగు జిల్లాలతో సహా ఎన్నో రాష్ట్రాల్లో పాకింది. ఆ జూలైలో హైదరాబాదు నుండి వెళ్ళిన కొందరు యువకులు బీదర్ జిల్లాలో ఒక ఊరి దగ్గర ఆగి బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అంతే. ఎత్తుకుపోయేవారు వీళ్ళేనన్న కబురు ఫోనుల్లో వాళ్ళ కారు కంటే ముందు పరుగెత్తింది. ముందున్న ఊరివాళ్ళు దారి మూసి కొట్టారు. ఒక యువకుడు చనిపోయాడు. ఆ కబురు పంపినవారందరూ కర్ర పట్టలేదు. బొటనవేలు ఆడించారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒక్కసారికి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి పెట్టింది. నిర్గమకాండము 23వ అధ్యాయం మొదటి వచనం, లేని వార్తను పుట్టించవద్దని ఎప్పుడో కట్టడి పెట్టింది.

మన సంఘం గ్రూపుల్లో కూడా, ఈ వాక్యం పదకొండుమందికి పంపితే రేపటికి అద్భుతం జరుగుతుందని వస్తుంటాయి. అద్భుతాలు చేసే దేవునికి మన లెక్క అక్కరలేదు, తుడిచేయండి. అంతకంటే బాధాకరమైనది మరొకటి ఉంది. ఒక సహోదరి తన ఇంటి కష్టం ప్రార్థన కోసం చెప్పుకుంటుంది. సాయంత్రానికి అది ప్రార్థన మనవి అనే పేరుతో నాలుగు గ్రూపులు దాటి ఆమె అత్తగారి ఊరికి చేరుతుంది. మనల్ని నమ్మి చెప్పిన మాటను ప్రభువు సన్నిధికి తీసుకెళ్ళడానికి ఇంటర్నెట్ అవసరం లేదు.

ఆ నర్సమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. నాలుగవ ఆదివారం ఆమె వచ్చింది. ఆరాధనకు ముందు తానే బ్యాంకుకు వెళ్ళి, ఆ కౌంటరు అమ్మాయితో జరిగింది చెప్పి వచ్చిందట. ఆ తరువాత బ్యాంకులో అలా కంగారుగా డబ్బు పంపడానికి వచ్చిన ఒక పెద్దాయనను, అమ్మాయి కాసేపు కూర్చోబెట్టి ఈమెకు ఫోను చేసింది. ఈమె ఆయనతో మాట్లాడింది. ఆయన డబ్బు పంపలేదు.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, ఈ గడియలో ఎవరికీ చెప్పుకోలేక ఈ మాటలు వింటున్న నీ బిడ్డ నోరు తెరిపించుము. ఆమె చెప్పేది వినే ఒక మంచి చెవిని ఆమె దగ్గరకు పంపుము. దూరదేశంలో గదుల్లో బంధించబడిన మా పిల్లల తలుపులు తెరువుము. వారి తల్లులను ఆదరించుము. మా కాపరియైన యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.